నలభై ఒకటో సంచి

కోవూరు దాటాక, పెన్న వైపు తిరిగే మలుపులో
మా బీరు ఫ్యాక్టరీ.
ముందు వాసనొస్తుంది, తర్వాతే గేటు.
అడుగంటిన గంజిలాంటి వాసన.
కొత్తగా వచ్చినవాళ్ళు ఆకలనుకుంటారు,
పాతవాళ్ళు కిటికీ మూసుకుంటారు.

నాది బాయిలర్ దగ్గర రాత్రి షిఫ్టు.
చుట్టుపక్కల మిల్లుల నూకలు మా కాగుల్లోకి,
ఆ మిల్లుల ఊకే మా పొయ్యిలోకి.
ఒకే వడ్లగింజ
లోపలిది సీసాకెక్కుతుంది,
పైది చిమ్నీ ఎక్కుతుంది.

చిమ్నీకి ముందు ఒక ఇనపగది.
అందులో తొంభై ఆరు గుడ్డసంచులు
గబ్బిలాల్లా వేలాడుతూ పొగను వడకడతాయి.
గాలి కొట్టి దులుపుతుండాలి వాటిని.
మసి పేరుకుని మూసుకుపోయాయా,
పొయ్యికి ఊపిరాడదు, ఆవిరి పడిపోతుంది.
పైనుంచి ఫోను:
"మరుగు తగ్గిందేం, జిలానీ?"

అప్పుడు నా చెయ్యి ఎర్రచక్రం మీదికి పోతుంది.
దాని పేరు బైపాసు.
సంచుల గడప తొక్కకుండా పొగ నేరుగా పైకి.
అరగంట. ఒక్కోసారి గంట.
చీకట్లో పొగ నల్లగా ఉందో తెల్లగా ఉందో
ఎవరు చూడొచ్చారు?
పొద్దున ఆఫీసర్లు వచ్చేసరికి
గోడమీది అంకె మర్యాదగా ఉంటుంది.

మొన్న ఏప్రిల్లో, డ్యూటీ దిగుతుంటే
గేటు దగ్గర చెంగమ్మ.
ఈ ఎండలకు వాళ్ళు రాత్రిళ్ళే ఉతుకుతారు.
భుజాన నెల్లూరు నర్సింగ్ హోం దుప్పటి,
వాచ్‌మన్ పొమ్మన్నా పోకుండా
నా సైకిలు ముందు పరిచింది.
"చూడు నాయనా, ఏం కనపడతా ఉండాది?"
చీమతలకాయలంత నల్లచుక్కలు.
"రెండింటికి ఆరేసినా, మూడింటికి తీసినా.
ఆ గంటలో రాలినయ్యి ఇయ్యి.
మొన్న పన్నెండుకి రాలినయ్యి.
శనివారం ఒక్కటంటే ఒక్కటి లేదు.
శనివారం డ్యూటీ ఎవురిది?"

శనివారం నాకు సెలవు.

ఆ మాట ఆమెకు చెప్పలేదు.
మేనేజరుకు దుప్పటి సంగతి చెబితే
"దుప్పటి రికార్డు కాదయ్యా" అన్నాడు.
ఆ రాత్రి ఫోను మోగింది. చక్రం తిప్పాను.
తిప్పి, లాగ్‌బుక్కులో
ఎర్రసిరాతో రాశాను:
రెండూ ఐదు నుంచి రెండూ యాభై, బైపాసు.
కింద నా సంతకం, పొడి అక్షరాలు కాదు, పూర్తిగా.
ఆ పేజీని చింపడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.
నాకు మెమో వచ్చింది.
ఎర్రచక్రానికి తాళమూ వచ్చింది.

అయినా చుక్కలు ఆగలా.

ఓ ఆదివారం బాయిలరు ఆపి
గొట్టంలోకి మెరిసే పొడి చల్లి
లైట్లార్పి, ఊదారంగు దీపం పట్టుకుని
సంచుల గది పైకెక్కాం, నేనూ హెల్పరు సుధీరూ.
నలభై ఒకటో సంచి మూతి దగ్గర
పొడి మిణుగురులా వెలిగింది.
గోరంత చిరుగు, కుట్టు పక్కన.

విప్పి తెచ్చి చెంగమ్మకు చూపిస్తే
వేలు దూర్చి చూసింది, వాసన చూసింది.
"దీన్ని ఎవురో పగబట్టి ఉతికినారు.
ఉతికేదానికీ లెక్కుండాది నాయనా,
అదేపనిగా బాదితే ఏ గుడ్డయినా ఇంతే."
నిజమే.
ఆవిరి పడిపోతుందన్న భయంతో
దులిపే గాలి ఒత్తిడి పెంచింది మేమే.
ఇప్పుడు తగ్గించాం.

వాసన మాత్రం అట్లాగే ఉంది.
కాగుల మీది ఆవిరిని చల్లార్చి పట్టే యంత్రం
ఇంకా కాగితాల్లోనే మరుగుతోంది.
సీసాలు కడిగే చోట కాస్టిక్ ఘాటుకు
ఆడవాళ్ళు కొంగు ముక్కుకడ్డం పెట్టుకునే ఉన్నారు.
అవి నా రిజిస్టరులో లేవు. నా కళ్ళలో ఉన్నాయి.

దుప్పట్ల బేరం చెంగమ్మకు మళ్ళీ దక్కలేదు.
ఒక పాత తెల్లగుడ్డ తెచ్చి
మా ప్రహరీ ముళ్ళతీగకు కట్టిపోయింది.
"ఇది నీది" అంది, అంతే.

రోజూ దిగేముందు
మీటరు కన్నా ముందు దాన్ని చదువుతాను.
ఈవేళ రెండు చుక్కలు.
ఒకటి చీమ, కదిలిపోయింది.
రెండోది కూడా కదులుతుందేమోనని
బస్సు పోతున్నా
ఇంకా నిలబడే ఉన్నాను.